పేరుకు ముందు పేరు: మరాఠ్వాడా నుంచి కోనసీమ దాకా

సింగరేణి బొగ్గు బెల్టులో పేరంటే ఏమిటో ఎవరికీ కొత్తగా చెప్పాల్సిన పని లేదు. ఇక్కడ 'మారుపేర్ల సమస్య' అని ఒకటుంది. వెనకట ఎవరి పేరు మీదనో బాయిలో చేరి, ఆ పేరు మీదనే మస్టర్ పడి, ఆ పేరు మీదనే రిటైరయిన కార్మికులు ఎందరో. ఇంట్లో పిలిచే పేరు ఒకటి, కంపెనీ కాగితంలో పేరు ఇంకొకటి. తీరా వారసత్వ ఉద్యోగం అడిగే రోజు వచ్చేసరికి ఈ పేరు ఆ పేరు ఒకరిదేనని రుజువు చేసుకోలేక కొడుకులు ఏండ్ల తరబడి తిరిగారు. పేరులో ఏముందని అడిగేవాళ్లకు బొగ్గు బెల్టు చెప్పే జవాబు ఇది: పేరులో కూడుంది.

మా సెంటినరీ కాలనీ సంగతే చూడండి. 1889లో ఇల్లందు ప్రాంతంలో బొగ్గు తవ్వకం మొదలైంది. 1989 నాటికి దానికి నూరేళ్లు నిండాయి. ఆ నూరేళ్ల గుర్తే ఈ పేరు. రామగిరి ఖిల్లా కనబడే చోట, మంథని తొవ్వలో, ఇంగ్లీషు పేరుతో ఒక కాలనీ. చుట్టూ ఉన్న గనులకు పేర్లు కూడా లేవు, నంబర్లున్నాయి. ఒకటో గని, రెండో గని, ఓపెన్‌కాస్టు ఒకటి, ఓపెన్‌కాస్టు రెండు. ఈ పేర్లు పెట్టేటప్పుడు ఇక్కడి మనుషులను ఎవరూ అడగలేదు. అడగలేదని ఎవరూ రోడ్డెక్కలేదు కూడా.

2016 అక్టోబరులో తెలంగాణలో కొత్త జిల్లాలు వచ్చాయి. మేము కరీంనగర్ జిల్లా నుంచి పెద్దపల్లి జిల్లాలోకి వచ్చాం. పక్కన ఆచార్య జయశంకర్ పేరుతో భూపాలపల్లి, కొమరం భీం పేరుతో ఆసిఫాబాద్, దేవుళ్ల పేర్లతో కొత్తగూడెం, గద్వాల, భువనగిరి, సిరిసిల్ల జిల్లాలు ఏర్పడ్డాయి. జిల్లా కావాలని జనగామలో, గద్వాలలో, సిరిసిల్లలో పెద్ద ఆందోళనలే జరిగాయి. పేరు ముందు ఇంకో పేరు చేరినందుకు మాత్రం ఒక్క ఇల్లూ కాలలేదు. అంతకు ముందు కూడా అంతే. 1972లో ఒంగోలు జిల్లా ప్రకాశం జిల్లా అయింది. 1978లో రంగారెడ్డి జిల్లా పుట్టింది. 2008లో నెల్లూరుకు ముందు పొట్టి శ్రీరాములు పేరు, 2010లో కడప జిల్లాకు వై.ఎస్.ఆర్. పేరు వచ్చాయి. విమర్శలు వచ్చి ఉండొచ్చు, మంటలు రాలేదు.

మరి 2022 మేలో అమలాపురం ఎందుకు మండింది? అంతకు నలభై నాలుగేళ్ల ముందు, 1978లో, మనకు పొరుగునే ఉన్న మరాఠ్వాడా ఎందుకు మండింది? రెండు చోట్లా చేరబోయిన పేరు ఒక్కటే, అంబేడ్కర్. రెండు చోట్లా మంటకు ముందు ఒక ప్రచారం నడిచింది. ఒకచోట అది దినపత్రికలో నడిచింది, ఇంకొకచోట సెల్‌ఫోన్లలో నడిచింది. ఈ వ్యాసం ఆ ప్రచారం గురించి.

పేరు మార్చుకోవడం మనం మొదలుపెట్టిన పనే

ముందుగా ఒక విషయం. పేరు మార్పును రాజకీయం చేసింది ఈనాటి ప్రభుత్వాలు కావు. తమకు ఇతరులు పెట్టిన పేరును తోసేసి, తమ పేరు తాము పెట్టుకునే పోరాటం దళితులు వందేళ్ల కిందటే మొదలుపెట్టారు. 1917 నవంబరులో బెజవాడలో పంచముల మహాసభ జరిగింది. హైదరాబాదు నుంచి వెళ్లిన భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షుడు. తాము ఐదో వర్ణం కాదు, ఈ నేలకు తొలి మనుషులం అని చెప్పి 'ఆది ఆంధ్ర' అన్న పేరు తీసుకున్నది ఆ సభలోనే. సభకు వచ్చినవాళ్లు ఎక్కడ గుళ్లోకి వస్తారో అని కనకదుర్గ గుడి తలుపులు మూసుకున్నారని చరిత్రకారులు రాశారు. సభ చేసిందల్లా ఒక పేరు మార్చుకోవడం. దానికి గుడి తలుపు మూతపడింది.

1922లో మద్రాసు ప్రభుత్వం పాత పేర్ల స్థానంలో ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ పేర్లను ఒప్పుకుంది. నిజాం రాజ్యంలో 1931 జనాభా లెక్కల్లో 'ఆది హిందూ' అని రాయించడానికి భాగ్యరెడ్డి వర్మ పట్టుబట్టి సాధించారు. అదే 1931లో ఆయన 'భాగ్యనగర్ పత్రిక' పెట్టారు. ఆంధ్రలో కుసుమ ధర్మన్న 'జయభేరి' నడిపారు. అంబేడ్కర్ 1920లో 'మూక్‌నాయక్', 1927లో 'బహిష్కృత్ భారత్' మొదలుపెట్టారు. పేరు కోసం కొట్లాడినవాళ్లే పత్రిక పెట్టుకోవడం కాకతాళీయం కాదు. పేరును కాగితం మీద నిలబెట్టేది పత్రిక. దాన్ని కాగితం మీద నుంచి తుడిచేసేదీ పత్రికే.

మరాఠ్వాడా: గౌరవం ఉన్న పత్రిక

1956 నవంబరు 1 దాకా మరాఠ్వాడా, తెలంగాణ ఒకే హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్నాయి. రెండూ వెనకబడిన ప్రాంతాలే. అక్కడి దళిత పిల్లలకు పై చదువు తలుపు తెరిచింది అంబేడ్కర్. 1950లో ఆయన ఔరంగాబాద్‌లో కాలేజీ పెట్టారు. తరువాత దానికి మిళింద్ అని పేరు వచ్చింది. మరాఠ్వాడా విశ్వవిద్యాలయం వచ్చింది ఆ తరువాత, 1958లో. ఆ నేల మీద ఉన్నత విద్యకు పునాది తవ్వినవాళ్లలో ఆయన ఒకరు కాబట్టి విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టమని దళితులు అడిగారు. ఇందులో భిక్ష ఏమీ లేదు.

1978 జులై 27న మహారాష్ట్ర శాసనసభ, శాసనమండలి విశ్వవిద్యాలయం పేరు మార్చాలని తీర్మానం చేశాయి. ఆ రోజు నుంచే గొడవలు మొదలయ్యాయి. నాందేడ్, పర్భణీ, బీడ్, ఔరంగాబాద్, ఉస్మానాబాద్ జిల్లాల్లో వందలాది ఊళ్లలో దళితవాడలను తగలబెట్టారు. వేలమంది ఊళ్లు విడిచి పారిపోయారు. నాందేడ్ జిల్లా టెంభుర్ణిలో పోచిరాం కాంబ్లేను సజీవ దహనం చేశారు. నాందేడ్ మన నిజామాబాద్‌కు, ఆదిలాబాద్‌కు సరిహద్దు జిల్లా. గోదావరి నాందేడ్ మీదుగానే తెలంగాణలోకి, మన రామగుండం దాకా వస్తుంది.

మంట పెట్టిన చేతుల గురించి చాలా రాశారు. మంటకు ముందు నడిచిన రాతల గురించి కూడా మాట్లాడాలి. ఔరంగాబాద్ నుంచి వచ్చే 'మరాఠ్వాడా' దినపత్రిక ఆ ప్రాంతంలో పెద్ద పత్రిక. సంపాదకుడు అనంత్ భాలేరావు నిజాం వ్యతిరేక పోరాటంలో పనిచేసినవాడు, జైలుకు పోయినవాడు. అదే పోరాటపు పెద్ద నాయకుడు గోవింద్‌భాయ్ ష్రాఫ్. వీళ్లు మతోన్మాదులు కారు, చదువులేనివాళ్లు కారు, పైకి అంబేడ్కర్‌ను ఒక్క మాట అన్నవాళ్లు కారు. కానీ పేరు మార్పును గట్టిగా వ్యతిరేకించారు. వాళ్ల వాదన ఇది: మరాఠ్వాడా అన్న పేరు పోరాడి తెచ్చుకున్న పేరు, వెనకబడిన ప్రాంతపు అస్తిత్వం ఆ పేరులో ఉంది, దాన్ని తీసేయకూడదు, ముందు అభివృద్ధి కావాలి.

ఈ వాదనకు బలం ఎక్కడిది? 1974లో మరాఠ్వాడా అభివృద్ధి కోసం విద్యార్థులు పెద్ద ఉద్యమం చేశారు. ప్రాంతానికి అన్యాయం జరుగుతోందన్న బాధ నిజమైనదే. ఆ నిజమైన బాధను నాలుగేళ్ల తరువాత దళితుల మీదికి తిప్పారు. అభివృద్ధి ఇవ్వని ప్రభుత్వం ఎక్కడో బొంబాయిలో ఉంది. పేరు అడుగుతున్న దళితుడు పక్క వాడలోనే ఉన్నాడు, చేతికి అందుతాడు. ఆ నాటి నిజనిర్ధారణ బృందాలు స్థానిక పత్రికల పాత్రను వేలెత్తి చూపాయి. పట్నంలో సంపాదకీయం సంయమనంతోనే రాసి ఉండొచ్చు. అది ఊరి రచ్చబండ దగ్గరికి చేరేసరికి 'మన పేరు తీసేస్తున్నారు' అన్న ఒక్క మాటే మిగిలింది.

ఊళ్లలో గొడవ విశ్వవిద్యాలయం గురించి కానే కాదు. బంజరు, గాయిరాన్ భూములు దున్నుకుంటున్న దళితుల మీద, కులవృత్తి చాకిరీ చేయమన్నవాళ్ల మీద, కూలి పెంచమన్నవాళ్ల మీద, చదువుకుని ఉద్యోగం తెచ్చుకున్నవాళ్ల మీద పాత కక్షలు ఉన్నాయి. పేరు ఒక సాకు దొరికింది. విశ్వవిద్యాలయం గడప ఎన్నడూ తొక్కనివాడు దాని పేరు కోసం పక్కింటి గుడిసెకు నిప్పు పెట్టాడంటే దాని అర్థం అదే.

తీర్మానం పదహారేళ్లు మూలన పడింది. 1979లో జోగేంద్ర కవాడే నాయకత్వంలో నాగపూర్ నుంచి ఔరంగాబాద్‌కు లాంగ్ మార్చ్ నడిచింది. వేలమంది జైళ్లకు పోయారు. 1993 నవంబరులో నాందేడ్‌లో గౌతమ్ వాఘ్‌మారే నిప్పంటించుకుని ప్రాణం విడిచాడు. చివరికి 1994 జనవరి 14న డాక్టర్ బాబాసాహెబ్ అంబేడ్కర్ మరాఠ్వాడా విశ్వవిద్యాలయం అన్న పేరు వచ్చింది. అడిగింది నామాంతర్, ఇచ్చింది నామవిస్తార్. పేరు మారలేదు, పొడిగించారు. పాత పేరు పాత చోటనే ఉంది. ఒక పేరును ఇంకో పేరు పక్కన కూచోబెట్టడానికి పదహారేళ్లు, ఇన్ని ప్రాణాలు పట్టాయి.

కోనసీమ: సంపాదకుడు లేని పత్రిక

ఇక మన తెలుగు నేల మీదికి వద్దాం. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు పదమూడు నుంచి ఇరవై ఆరయ్యాయి. కొత్త వాటిలో ఎన్టీఆర్, అల్లూరి సీతారామరాజు, శ్రీ సత్యసాయి, అన్నమయ్య పేర్లతో నాలుగు వచ్చాయి. అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా వచ్చింది. అమలాపురం పార్లమెంటు స్థానం ఎస్సీ రిజర్వుడు. జిల్లాలోని అమలాపురం, రాజోలు, పి. గన్నవరం అసెంబ్లీ స్థానాలు కూడా ఎస్సీ రిజర్వుడే. బోయి భీమన్న పుట్టిన సీమ అది. అంబేడ్కర్ బాటలో నడిచి శాసనసభకు వెళ్లిన బొజ్జా అప్పలస్వామి, కారంచేడు తరువాత దళిత మహాసభను నిలబెట్టినవాళ్లలో ఒకరైన బొజ్జా తారకం, లోక్‌సభ స్పీకరైన జి.ఎం.సి. బాలయోగి ఆ నేల మనుషులే. అక్కడ అంబేడ్కర్ పేరు అడగడం బయటినుంచి వచ్చిన కోరిక కాదు.

మే 18న ప్రభుత్వం ఆ జిల్లాను డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లాగా మారుస్తూ ప్రాథమిక ప్రకటన ఇచ్చింది. అభ్యంతరాలకు ముప్పై రోజుల గడువు పెట్టింది. ఇక్కడ 'కోనసీమ' అన్న మాట పోలేదు. మరాఠ్వాడాలో పదహారేళ్లకు కుదిరిన రాజీ ఇక్కడ మొదటి రోజే ఇచ్చారు. అయినా వారం తిరగకముందే, మే 24న, అమలాపురం మండింది. కోనసీమ జిల్లా పేరే ఉంచాలని కలెక్టరేట్ వైపు సాగిన ప్రదర్శన అదుపు తప్పింది. దళితుడైన మంత్రి పినిపే విశ్వరూప్ ఇంటికి, వెనకబడిన కులానికి చెందిన ముమ్మిడివరం ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ కుమార్ ఇంటికి నిప్పు పెట్టారు. బస్సులు తగలబెట్టారు. ఇరవైమందికి పైగా పోలీసులకు గాయాలయ్యాయి.

ఇక్కడ 'మరాఠ్వాడా' లాంటి దినపత్రిక లేదు. ప్రధాన పార్టీలేవీ అంబేడ్కర్ పేరు వద్దని బహిరంగంగా అనలేదు. ఇప్పుడెందుకు, ముందే ఎందుకు పెట్టలేదు అని సమయం గురించి, పద్ధతి గురించి మాట్లాడాయి. మరి జనాన్ని కూడగట్టింది ఏది? వాట్సాప్ గ్రూపులని పోలీసులే చెప్పారు. ఎక్కడికి రావాలి, ఎన్ని గంటలకు రావాలి అన్న కబురు ఫోన్ నుంచి ఫోన్‌కు పాకింది. అందుకే ప్రభుత్వం ఇంటర్నెట్ ఆపేసింది. రోజుల తరబడి జిల్లాలో సెల్ సిగ్నల్ లేక ఇంటినుంచి పనిచేసే ఉద్యోగులు సరిహద్దులు దాటి పక్క ఊళ్లకు పోయి కూచున్నారు. మంట పెట్టనివాడు కూడా శిక్ష అనుభవించాడు.

1978కి, 2022కి తేడా ఇదే. అనంత్ భాలేరావు తన పేరుతో తన అభిప్రాయం రాశాడు. ఆయనకు జవాబు రాయొచ్చు, ఆయన్ను నిలదీయొచ్చు, చరిత్రలో ఆయన పేరు పెట్టి విమర్శించొచ్చు, ఇప్పుడు మనం చేస్తున్నట్టు. ఫోన్‌లో వచ్చిన కబురుకు తండ్రి లేడు. రాసిందెవరో తెలియదు, నిజమో కాదో చూసే సంపాదకుడు లేడు, తప్పయితే సవరణ వేసే మర్నాటి సంచిక లేదు. పంపింది మన మేనమామో, తోటి ఉద్యోగో కాబట్టి నమ్ముతాం. పాత పత్రికకు గౌరవం సంపాదకుడి త్యాగం నుంచి వచ్చింది. ఈ కొత్త పత్రికకు గౌరవం చుట్టరికం నుంచి వస్తుంది. చుట్టరికమంటే మన దేశంలో కులమే.

చివరికి జూన్‌లో మంత్రివర్గం పేరును ఆమోదించింది. ఆగస్టులో తుది ప్రకటన వచ్చింది. ఇప్పటికీ ఆ జిల్లాకు అదే పేరుంది. ఆకాశం విరిగి పడలేదు. కోనసీమ కొబ్బరి కొబ్బరిలాగే ఉంది. కేసుల్లో ఇరుక్కున్నది మాత్రం ఎక్కువగా కుర్రవాళ్లే. 2023లో ఆ కేసులు ఎత్తేస్తామని ప్రభుత్వం ప్రకటించింది. కబురు రాసి పంపినవాడెవడో ఇంట్లోనే ఉన్నాడు. కబురు నమ్మి పోయినవాడు స్టేషన్ల చుట్టూ తిరిగాడు.

'గౌరవం ఉంది, కానీ...'

రెండు ప్రచారాల్లోనూ ఒకే వాక్యం వినబడుతుంది. అంబేడ్కర్ మీద మాకు గౌరవం ఉంది, కానీ మా ప్రాంతం పేరు మాకు ముఖ్యం. ఈ వాక్యాన్ని ఎగతాళి చేసి వదిలేయకూడదు. విడదీసి చూడాలి.

ప్రాంతం పేరు మీద ప్రేమ తప్పు కాదు. తెలంగాణ అన్న పేరు కోసం 2011 సకల జనుల సమ్మెలో సింగరేణి కార్మికులు నెల రోజులకు పైగా బాయిలోకి దిగలేదు. ఆ జీతం నష్టపోయినవాళ్లలో దళితులు తక్కువేమీ కాదు. ప్రభుత్వం అభ్యంతరాలు అడిగినప్పుడు అభ్యంతరం చెప్పడం కూడా హక్కే. ఆ హక్కును మనం కాదనం. రాజ్యాంగం రాసినాయన పేరు కోసం రాజ్యాంగ హక్కును కాదంటే ఆయన్నే కాదన్నట్టు. ప్రభుత్వాలు ఓట్ల లెక్క చూసుకోకుండా పేర్లు పెడతాయని కూడా మనం నమ్మక్కర్లేదు. మిగతా నాలుగు జిల్లాలకు మొదటి రోజే పేర్లు ఖాయం చేసి, అంబేడ్కర్ పేరును మాత్రం తరువాత తెచ్చి అభ్యంతరాల బల్ల మీద పెట్టడం ఎందుకన్నది దళితులు కూడా అడగాల్సిన ప్రశ్నే.

కానీ ఆ వాక్యంలో 'మా ప్రాంతం' అన్న మాట దగ్గర ఆగాలి. ఈ 'మా'లో ఎవరున్నారు? అల్లూరి పేరు పెడితే అది మా పేరు. అన్నమయ్య పేరు పెడితే మా పేరు. అంబేడ్కర్ పేరు పెడితే వాళ్ల పేరు. అంటే ఆ ప్రాంతంలో తరతరాలుగా ఉన్న దళితుడు ఆ 'మా'లో లేడన్నమాట. ఊరికి దూరంగా ఉన్న వాడ, ప్రాంతానికి కూడా దూరంగానే ఉండిపోయింది. మిగతా నాయకులకు కులం లేదు, అందరివాళ్లు. దేశానికంతటికీ రాజ్యాంగం రాసిన మనిషికి మాత్రం కులం ఉంది, కొందరివాడు. రెండు ప్రచారాలూ చెప్పకుండా చెప్పింది ఇదే.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా చూడాలి. 2022 సెప్టెంబరులో హైదరాబాద్ కొత్త సచివాలయానికి అంబేడ్కర్ పేరు పెడుతున్నట్టు ప్రకటించారు. 2023 ఏప్రిల్ 30న అది మొదలైంది. దానికి కొద్ది రోజుల ముందు, ఏప్రిల్ 14న, 125 అడుగుల విగ్రహం ఆవిష్కరించారు. ఎవరూ నిప్పు పెట్టలేదు. ఎందుకంటే భవనం పేరు ఎవరి ఇంటి అడ్రసులోకీ రాదు. జిల్లా పేరు రేషన్ కార్డు మీద, పట్టాదారు పాసుపుస్తకం మీద, పెళ్లి శుభలేఖ మీద వస్తుంది. విశ్వవిద్యాలయం పేరు డిగ్రీ పట్టా మీద వస్తుంది. అంబేడ్కర్ హైదరాబాద్‌లో విగ్రహంగా నిలబడితే దండ వేస్తారు. అదే ఆయన మన కాగితం మీదికి, మన పేరు పక్కకు వస్తానంటే ఒప్పుకోరు. ఇది పంక్తి భోజనం గొడవే. పాతది, ఇంకో రూపంలో.

మన బెల్టు సంగతి

ఈ వ్యాసం కోనసీమవాళ్లను తప్పుపట్టడానికి రాసింది కాదు. మనం బాగున్నామని చెప్పుకోవడానికి అసలే కాదు. తెలంగాణలో ముప్పై మూడు జిల్లాలున్నాయి. ఒక్కదానికీ దళితుడి పేరు లేదు. రేపు ఏదో ఒక జిల్లాకు అంబేడ్కర్ పేరో, భాగ్యరెడ్డి వర్మ పేరో చేర్చాలన్న ప్రతిపాదన వస్తే మన షిఫ్టు గ్రూపుల్లో ఏ కబురు తిరుగుతుంది? గనిలో ఒకే చీకట్లో పనిచేసి, ఒకే క్యాంటీన్‌లో చాయ్ తాగి, ఎర్రజెండా కింద ఒకే నినాదం ఇచ్చినవాళ్లం. పైకి వచ్చి ఫోన్ తెరిస్తే మాత్రం ఎవరి కులం గ్రూపు వాళ్లకుంది. ఆ రోజు వచ్చినప్పుడు ఆలోచిద్దామంటే కుదరదు. మరాఠ్వాడాకు ఒక రోజు కూడా టైమివ్వలేదు, కోనసీమకు ఆరు రోజులు ఇచ్చింది.

చేయగలిగిన పనులు పెద్దవేమీ కావు. పేరు లేని కబురును ముందుకు తోయకపోవడం ఒకటి. ఎవరు రాశారో తెలిస్తే జవాబు రాయడం ఇంకొకటి. పేరు ఎవరిది, ఆ నేలకు ఆ మనిషికి సంబంధం ఏమిటో ముందే పిల్లలకు చెప్పడం అన్నిటికన్నా ముఖ్యం. మిళింద్ కాలేజీ సంగతి తెలిసిన విద్యార్థి విశ్వవిద్యాలయం పేరు మీద గొడవపడడు. 1917 బెజవాడ సభ సంగతి తెలిసిన టీచరు 'పేరులో ఏముంది' అని తేలికగా అనడు. భాగ్యరెడ్డి వర్మ పత్రిక పెట్టింది ఇందుకే. మనం ఇలాంటి పత్రికలు నడుపుకునేది కూడా ఇందుకే.

మళ్లీ మారుపేర్ల దగ్గరికి వస్తాను. కంపెనీ కాగితంలో తండ్రి అసలు పేరు చేర్చమని అడిగిన కొడుకు ఎవరి పేరునూ తుడిచేయమనలేదు. మస్టర్లో ఉన్న పేరు పక్కన, ఇన్నేళ్లు నిజంగా బొగ్గు తవ్విన మనిషి పేరు కూడా రాయమన్నాడు. విశ్వవిద్యాలయం దగ్గర, జిల్లా దగ్గర దళితులు అడిగింది కూడా అంతే. ఈ నేల మస్టర్లో మా పేరు కూడా రాయండి.